కొబ్బరితోట కొనడానికి పుట్టిన కంపెనీ

తిరిగొచ్చి నెల కాలేదు. ఎస్టేటులో ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ అదే అడుగుతున్నారు: "పైడితల్లీ, ఇండియాలో తోట కొన్నావట కదా, ఎలా జరిగింది?" ఒక్కొక్కళ్ళకీ నిలబడి చెప్తూ ఉంటే ఆస్పత్రి వరండాలో జ్వరాలవాళ్ళు నా కోసం పడిగాపులు పడుతున్నారు. నర్సుని, నాకూ పనుంది. అందుకని అందరికీ కలిపి ఒక్కసారే రాసి పడేస్తున్నాను. అమ్మానాన్నల దేశం చూడాలని మన మలయా తెలుగువాళ్ళలో చాలామందికి ఉంది, చూసినవాళ్ళు మాత్రం తక్కువ. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. తినండి, తిరగండి. కొనాలనే బుద్ధి పుడితే మాత్రం ఇది చదివి మరీ వెళ్ళండి.

నేను వెళ్ళింది దేశం మీద ప్రేమతో అని గొప్పలు చెప్పుకోను. మా పిన్ని కూతురు దాలమ్మ కబురంపింది. దాలమ్మ భావనపాడులో సముద్రానికి దగ్గరగా ఒక కొబ్బరితోటలో ఉంటుంది. మొగుడూ తనూ కలిసి ఇసకలో మొక్కలు పాతి, కావిళ్ళతో నీళ్ళు మోసి పెంచిన తోట. నేల మాత్రం టెక్కలి షావుకారుది. మొగుడు పోయాక కూడా అది ఆ తోటనే పట్టుకుని ఉంది. ఇప్పుడు షావుకారు తోట అమ్మేస్తున్నాడు. "కొన్నోడు నన్ను ఉంచడప్పా. సావుకారు వచ్చీ అమాస దాకా ఆగుతానన్నాడు. ఎలగైనా సెయ్యి" అని ఎవరిచేతో రాయించింది. అక్కడ అక్కని అప్ప అంటారు. నాకా పిల్లాజెల్లా లేరు. జీతంలో వెనకేసింది ఉంది. అమ్మ పుట్టిన దేశంలో నా పేరు మీద నాలుగు చెట్లుంటే ఎంత బాగుంటుందో అని లోపల ఒక ఆశ కూడా ఉంది. ఆ ఆశే నన్ను అన్ని ఊళ్ళూ తిప్పింది.

విజయనగరం: ప్లీడరు గారి అరుగు

స్టేషనులో దిగగానే సన్యాసి మావ కనిపించాడు. మా అమ్మకి తమ్ముడు, తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. గొడుగు, జరీ ఉత్తరీయం, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. నా మొహం చూడకముందే నా పెట్టె చూశాడు.

"ఇంతేనేటి సామాను?"

"ఇంతే మావా."

"మలయా అంటే మరేటో అనుకున్నాను" అన్నాడు నిరాశగా.

అలా మొదలైంది నా స్వాగతం. దారిలో హోటల్లో ఉప్మా పెసరట్టు పెట్టించాడు. అర్ధరూపాయి లోపే, కడుపు నిండిపోయింది. అల్లం పచ్చడికి మాత్రం కళ్ళంట నీళ్ళు కారాయి. మన దగ్గర డబ్బాపాలు పోసిన చిక్కటి కాఫీకి అలవాటుపడ్డ నోటికి అక్కడి కాఫీ గ్లాసు వేడినీళ్ళలా ఉంది. అయినా నురగ తేలేలా ఎత్తుమీంచి పోసే ఆ పోత చూడ్డానికే ఇంకో గ్లాసు అడగొచ్చు.

అక్కణ్ణించి నేరుగా ప్లీడరు గారింటికి. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో పడుకునే మాట్లాడతారు. పెద్ద కేసయితేనే లేచి కూచుంటారట. నా పాస్‌పోర్టు చూసి లేచి కూచున్నారు.

"మీరు పరదేశి అమ్మా. పరదేశి పేర భూమి రిజిస్టరు కాదు."

"మా అమ్మ ఇక్కడే పుట్టిందండి."

"అయితే అమ్మగారి పేర రాయొచ్చు. ఆవిడ ఏరీ?"

"పోయిందండి."

"అదీ చిక్కు" అన్నారు, ఆవిడ పోవడం చట్టరీత్యా పెద్ద పొరపాటైనట్టు.

తర్వాత ఉపాయం కూడా ఆయనే చెప్పారు. కంపెనీ పెట్టాలి. కంపెనీ ఈ దేశంలోనే పుడుతుంది కాబట్టి అది పరదేశి కాదు. తోట కంపెనీది, కంపెనీ నాది. కాకపోతే ఎక్కువ వాటాలు ఇక్కడివాళ్ళ పేర ఉండాలి, లేకపోతే కంపెనీ కూడా పరదేశే అయిపోతుంది. ఆ వాటాలు పేరుకే. వాళ్ళ దగ్గర విడిగా ఒక కాగితం రాయించుకోవాలి, "ఈ వాటా నాది కాదు, పైడితల్లి గారు అడిగిన రోజున ఇచ్చేస్తాను" అని. నాతో పాటు ఇంకొక్క మనిషి ఉంటే చాలు, కంపెనీ అయిపోతుంది.

"పరదేశీలు అందరూ ఇలాగే చేస్తారండీ?" అని అడిగాను.

"తెలివున్నవాళ్ళు చేస్తారు" అని మళ్ళీ వెనక్కి వాలిపోయారు.

నాకు అంతా సుళువుగానే కనిపించింది. మావ ఉన్నాడు, నేనున్నాను. ఇంటికొచ్చి ఆ కాగితం మావ ముందు పెట్టి, "సంతకం పెట్టు మావా" అన్నాను. అంతే! మావ పీట మీంచి లేచిపోయాడు.

"మా అప్ప కూతురు నా సేత కాగితం రాయించుకుంటాదా? నానేటి, నీ తోట ఎత్తుకుపోతానా?"

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. అత్త నా దగ్గరికొచ్చి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "మీ మావ మెతుకు ముట్లేదమ్మా. నీ ఇష్టం మరి" అంది. ఇంతకన్నా ప్లీడరు నోటీసే నయం. కాగితం మడిచి పెట్లో పెట్టేశాను. ఆ సంగతి తెలిసిన వెంటనే మావ వచ్చి కూచుని గుత్తివంకాయ మూడుసార్లు వడ్డించుకున్నాడు. తింటూ తింటూ ఇంకో మాట అన్నాడు.

"ఇద్దరితో కంపెనీ ఏటే? రేపు మిగతా సుట్టాలకి తెలిస్తే నా మొకాన ఉమ్మరేటి? అందరికీ తలో వాటా ఇచ్చీయాల. నాను సైర్మన్ని, తెలిసిందా?"

మనకి పెళ్ళిలో బంధువుల పేర్లు చదివి బట్టలు పెడతారు చూడండి, ఒక్క పేరు మరిచిపోతే ఇరవయ్యేళ్ళు మాటలుండవు. మావ లెక్కలో కంపెనీ వాటా కూడా అదే సరుకు. నాకు అప్పుడే అనుమానం రావలసింది, వస్తే నేనింత కాగితం ఎందుకు పాడుచేస్తాను!

చీపురుపల్లి: కాబోయి కాని మొగుడు

రైల్లో మా ఎదురుగా ఒక ముసలావిడ కూచుంది. చుట్ట కాల్చే ఆడవాళ్ళని మన తోటల్లో మీరూ చూశారు. ఈవిడ మాత్రం నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తోంది. అడ్డపొగ అంటారట. నర్సుగా నాకు గుండె గుభేలుమంది. "నోరు కాలదా అమ్మా?" అంటే చుట్ట తీసి నవ్వింది. "మొగుడుతోటి కాలీదానికన్నానా?" అంది. బోగీ అంతా ఒకటే నవ్వు.

మావ ఆవిడకి కూడా కంపెనీ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. వాటాలు, డైరెక్టర్లు, సైర్మను. ఆవిడ శ్రద్ధగా వింది. దిగేముందు నా గడ్డం పట్టుకుని, "నాకూ ఒకటి పడీయమ్మా, పున్నెముంటాది" అంది. మావ జేబులోంచి పెన్ను తీశాడు! చెయ్యి పట్టుకుని ఆపాను కాబట్టి సరిపోయింది.

చీపురుపల్లిలో ఉండేది అప్పారావు బావ, సన్యాసి మావ పెద్దకొడుకు. బెల్లం, గోగునార కమీషన్ వ్యాపారం. నేను మలయాలో పుట్టగానే ఇక్కడ వీడికి నన్ను ఇవ్వాలని మాట అనేసుకున్నారట. మా నాన్న తూచ్ అన్నాడు. ఆ విషయం నాకు మొన్నటిదాకా తెలీదు, బావ మాత్రం ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నాడు.

ఆయన భార్య ఆవపెట్టిన పనసపొట్టు కూర చేసింది. మన దగ్గర పనసకాయలు రాలి కుళ్ళిపోతుంటే పట్టించుకునేవాడు లేడు. అక్కడ దాన్ని పెద్ద కత్తితో సన్నగా కొట్టి, ఆవపిండి కలిపి, నశ్యం పీల్చినట్టు ముక్కు అదిరిపోయేలా చేశారు. వరసగా తుమ్ముతూనే మారు వడ్డించుకున్నాను.

"అయ్యకి ఎంత వాటా?" అని బావ మొదటి ప్రశ్న.

చెప్పాను.

"నాకూ అంతేనా? ఆయన పింఛనుదారు. నాను యాపారస్తుణ్ణి. కంపెనీ నడపాలంటే ఎవుడు నడుపుతాడు?"

"బావా, ఇది పేరుకే. నడపడానికేం లేదు. దాలమ్మ ఉండడానికి తోట, అంతే."

"పేరుకే అయితే మరీ మంచిది. పెద్దదే ఇయ్యి, నీకు పోయిందేటి?"

ఆ మాట సంగతి ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. ఆయన్ని మేనేజింగ్ డైరెక్టర్ని చేశాను. కాగితం మాట ఎత్తబోతే నన్ను ఎగాదిగా చూసి, "ఆనాడు పెళ్ళి తప్పిందని ఇప్పుడు కసి తీర్సుకుంటన్నావా?" అన్నాడు. పెళ్ళాం పిల్లల ముందు అన్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. కాని ఆయన భార్య నా వైపు జాలిగా చూసి ఇంకాస్త పనసపొట్టు వేసింది. కాగితం పెట్లోనే ఉంచి అది తిన్నాను.

బొబ్బిలి దారిలో

రాజాం మీదుగా బస్సు. మధ్యలో పోలీసులు ఆపారు. కొండల్లో గొడవలని అక్కడ ఇప్పుడు ప్రతి బస్సూ వెతుకుతున్నారు. నా పెట్టె మీద అంటించిన ఓడ చీటీ చూసి ఒక జవాను నన్ను కిందికి దిగమన్నాడు.

"మలేషియా అంటే చైనా పక్కనేనా?"

"పక్కన కాదు, చాలా కిందికి."

"కింద అంటే చైనా కిందేనా?"

ఇంతలో మా సైర్మను దిగి ఉత్తరీయం సర్దుకున్నాడు. "ఆవిడ కంపెనీ డైరెక్టరు. నాను సైర్మన్ని. మాతో పెట్టుకోకండి" అన్నాడు. అప్పటిదాకా ఊరికే అడుగుతున్న జవానుకి అప్పుడు నిజంగా అనుమానం వచ్చింది. ఏం కంపెనీ? ఎవరి కంపెనీ? కొండల మీదికెందుకు? పెట్టె మొత్తం విప్పించాడు. నా లోపలి బట్టలు బస్సులో ఉన్నవాళ్ళందరూ కిటికీల్లోంచి చూశారు. చివరికి ఆయనకి దొరికింది తలనొప్పి తైలం సీసా. మూత తీసి వాసన చూసి, కణతలకి రాసుకుని, "ఇది ఉండనీయండి" అని జేబులో వేసుకున్నాడు. బస్సు కదిలాక మావ, "సూసేవా, సైర్మను అనీసరికి వదిలీసేడు" అన్నాడు.

బొబ్బిలి: తండ్రి వైపు వారు

మా నాన్న అక్కగారి కొడుకు యాకోబు బావ బొబ్బిలి మిషన్ బళ్ళో మాస్టారు. వాళ్ళ నాన్న హయాంలోనే బాప్టిస్టుల్లో కలిశారు. ఇంటి వెనక వీధిలో వీణలు చేస్తారు, పొద్దున్నించీ ఉలి చప్పుడే. బావ ఆ చప్పుడు మధ్యనే పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. వీణ ధర అడిగితే నా నెల జీతం. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నేను అసలు ఈయనకి వాటా ఇవ్వడానికి కాదు, చూసిపోదామని వెళ్ళాను. కాని మాకన్నా ముందే వార్త చేరిపోయింది. తల్లి వైపు వాళ్ళకి ఇచ్చి తండ్రి వైపు వాళ్ళకి ఇవ్వకపోతే చచ్చిన మా నాన్నకి తలవంపులట. మేనత్త మంచమ్మీంచే ఆ మాట అంది, అని అటు తిరిగి పడుకుంది. ఇచ్చాను. అప్పారావు బావతో సమానంగా ఇవ్వాల్సొచ్చింది, ఎందుకంటే ఇద్దరూ బావలే కదా!

యాకోబు బావ కంపెనీ కోసం ప్రార్థన చేశాడు. కంపెనీని, తోటని, చెట్లని, వాటి మట్టల్ని, ప్లీడరు గారిని, రిజిస్ట్రారు గారిని పేరుపేరునా దీవించమని అడిగాడు. టీ మీద మీగడ కట్టింది. మావ కళ్ళు మూసుకుని గురక పెట్టాడు. ప్రార్థన అయ్యాక బావ ఒక మంచి మాట అన్నాడు, ఈ ప్రయాణం మొత్తానికి నేను విన్న మొదటి మంచి మాట.

"పైడితల్లీ, ఆ కాగితమేదో ఇలా ఇయ్యి, సంతకం పెడతాను. నీది నీదే కదా."

నా ప్రాణం లేచొచ్చింది. పెట్టె తెరవబోతే మావ లేచి నిలబడ్డాడు.

"ఆడు సంతకం పెడితే మరి పెట్టనోణ్ణి నాను దొంగనా? నా కొడుకు దొంగా?"

యాకోబు బావ తడబడి పెన్ను మూత పెట్టేశాడు. మంచివాడే గాని, గొడవంటే భయం. అలా ఒక్క సంతకం కూడా లేకుండా, మావకి, మావ కొడుక్కి, మేనత్త కొడుక్కి పంచగా, నా కంపెనీలో నాకు మిగిలింది మావ వాటాలో సగం. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అమావాస్య దగ్గర పడుతోంది, తోట చెయ్యి జారిపోతే దాలమ్మ వీధిన పడుతుంది. ఇంకో దారి నాకు తెలీదు. పదండి అన్నాను.

నౌపడా దాటాక

నౌపడా దగ్గర ఉప్పు మళ్ళు. కనుచూపు మేర తెల్లగా కుప్పలు, వాటి మధ్య నెత్తిన తట్టలతో ఆడవాళ్ళు. వాళ్ళ కాళ్ళ పగుళ్ళు చూసి నేను పెట్లోంచి మందు తీసి ఒకావిడకి రాశాను. వెంటనే వరస కట్టారు. మావ ఎండలో గొడుగేసుకుని బండి దగ్గర చిరాకు పడుతుంటే, నాకు ఆ ప్రయాణంలో హాయిగా అనిపించిన సమయం అదొక్కటే. కనీసం వాళ్ళెవరూ వాటా అడగలేదు.

భావనపాడు చేరేసరికి పొద్దు వాలుతోంది. దాలమ్మ తోట మొదట్లోనే నిలబడి ఉంది. నాకన్నా చిన్నది, చూడ్డానికి పెద్దదానిలా ఉంది. చేతులు కొబ్బరిపీచులా గరుకు. నన్ను పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"తోట నిలబడ్డాదా అప్పా?"

"నిలబడుతుంది. కంపెనీ పెడుతున్నాం."

"అంటే ఏటి?"

చెప్పాను. నాకు చెప్పడం రాలేదో, చెప్పేకొద్దీ నాకే సిగ్గేసిందో, మధ్యలో ఆపేశాను. చోడి అంబలి, అదే రాగులది, వేయించిన ఎండు నెత్తళ్ళు పెట్టింది. మనం ఇకన్ బిలిస్ అని మలాయివాళ్ళ దగ్గర కొనుక్కునే చేపే అది! అమ్మ ఎందుకంత ఇష్టంగా తినేదో అప్పుడు తెలిసింది. అంబలి చల్లగా, కాస్త పుల్లగా, గొంతులోంచి దిగుతుంటే అన్ని ఊళ్ళ అలసటా తీరింది.

భావనపాడు: మొదటి మీటింగు

మర్నాడు పొద్దున్నే ఇద్దరు బావలూ వచ్చేశారు. నులకమంచాలు వాల్చి మీటింగు పెట్టారు. దాలమ్మ అందరికీ చేపల వేపుడు వడ్డిస్తోంది. తోట ఇంకా షావుకారుదే, కంపెనీ కాగితాలు ఇంకా నా పెట్లోనే ఉన్నాయి, డబ్బు నా సంచిలో ఉంది. అయినా కంపెనీ పని మొదలైపోయింది.

"తోటకి ముందు బోర్డు కావాల" అన్నాడు సైర్మను. "నా పేరు పైన."

అప్పారావు బావ తోటంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. "ఇక్కడ పీచు గోడౌను కట్టాల. రోడ్డుకి దగ్గర. ఈ గుడిసె అడ్డం. వెనక ఇసకలోకి జరిపీయాల."

"ఆ గుడిసె దాలమ్మది" అన్నాను.

"దాలమ్మ ఎక్కడికి పోతాది? కాపలా ఉంటాది. ఉండడానికి సోటిస్తన్నాం కాబట్టి జీతమక్కర్లేదు" అన్నాడు. అటు వంగి దాని చేతిలోంచి ఇంకో చేపముక్క తీసుకున్నాడు.

నేను గట్టిగా, "గుడిసె కదలదు" అన్నాను.

మావ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "కంపెనీ అన్నాక ఓటుంటాదే. సేతులెత్తండి."

మావా, అప్పారావు బావా ఎత్తారు. యాకోబు బావ నన్నూ చూశాడు, మావనీ చూశాడు, చెయ్యి సగం ఎత్తి తల గోక్కున్నాడు. మావ దాన్ని ఎత్తినట్టే లెక్క వేసుకున్నాడు. దాలమ్మ కోసమని సముద్రం దాటొచ్చి, ఇంకా పుట్టని నా సొంత కంపెనీలో నేను ఓడిపోయాను.

దాలమ్మ గిన్నె కింద పెట్టింది.

"ఆ కంపెనీల నాకేటుంది?"

"నీకెందుకే? నువ్వు ఇంటిమనిసివి" అన్నాడు మావ. ఈయన దానికీ మేనమామే, గుర్తుందా!

"అప్ప పరదేశి, అప్ప పేరు మీద అవ్వదన్నారు. సరే. నాను పరదేశిని కాను కదా. నా పేరున రాయించీయొచ్చు కదేటి?"

అందరూ ఒక్కసారి నవ్వారు. అప్పారావు బావకి పొలమారింది. యాకోబు బావ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఇది దాచి రాస్తే ఈ కథ రాయడం దండగ. దాలమ్మ ఏదో వింతమాట అన్నట్టు అందరితో పాటు పళ్ళు బయటపెట్టి నవ్వాను.

అది మాత్రం నవ్వలేదు. ఎంగిలి ఆకులు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ప్లీడరు అరుగు మీంచి ఇక్కడిదాకా, తోటకి ఎవరి పేరు పెట్టాలా అని ఇన్ని ఊళ్ళు తిరిగాను. రైల్లో ముసలావిడ అడిగింది, మావ ఆవిడ పేరు కూడా రాయబోయాడు. తోటలో ఉన్నదాని పేరు ఎవరికీ తట్టలేదు. నాకు తట్టకపోవడానికి కారణం నాకు తెలుసు. నా పేరే కావాలి నాకు.

టెక్కలి: రిజిస్ట్రారు గారి ముందు

మర్నాడే అమావాస్య. అందరం బండెక్కి టెక్కలి వెళ్ళాం. ముందు మావ పేర అగ్రిమెంటు, కంపెనీ పుట్టాక దాని పేరుకి మార్పు, అదీ మావ ఏర్పాటు. షావుకారు అప్పటికే వచ్చి వక్క నములుతూ కూచున్నాడు. దస్తావేజులు రాసే ఆయన కలం విదిలించి, "కొనేవారి పేరు?" అన్నాడు.

మావ గొంతు సవరించుకున్నాడు. నేను ముందే చెప్పేశాను. "దాలమ్మ. మొగుడి పేరు దాన్నే అడిగి రాయండి."

"ఒలమ్మా!" అంది దాలమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

మావ మొహం చూడాల్సింది! ఉత్తరీయం జారి కింద పడినా తెలీలేదు. "ఎర్రిదానా, ఆ కంపెనీ ఏటవుతాది?" అని అరిచాడు. అప్పారావు బావ బయటికి వెళ్ళి బండివాడితో తగువు పెట్టుకున్నాడు.

దస్తావేజు రాయడం అయ్యాక రిజిస్ట్రారు ముందుకి వెళ్ళాం. బక్కపల్చని మనిషి, దగ్గుతున్నాడు. సాక్షి సంతకం నేను పెడుతుంటే నా విలాసం చూశాడు.

"మలేషియా నించి వచ్చి కొనిపెడుతున్నారా? మీ పేరే రాయించుకోకపోయారా?"

"పరదేశి పేర రిజిస్టరు కాదన్నారండి ప్లీడరు గారు."

ఆయన దగ్గు ఆపుకుని నవ్వాడు. "ఏ చట్టం చెప్పాడాయన? నాకు తెలిసి అలాంటి అడ్డమేం లేదమ్మా. అమ్మేవాడుండాలి, కొనేవాడుండాలి, సాక్షులుండాలి. పాస్‌పోర్టు ఎవడడిగాడు? కావాలంటే ఇప్పుడైనా మార్చి రాయించుకోండి, నేను కూచుంటాను."

పక్కన దాలమ్మ బొటనవేలికి సిరా పూసుకుని నిలబడి ఉంది. వేలు ఎక్కడా తగలకుండా చీర కుచ్చిళ్ళకి దూరంగా పెట్టుకుంది. నన్నే చూస్తోంది.

అబద్ధం ఎందుకు, నాకు చాలా కావాలనిపించింది. ఆ కాగితం మీద నా పేరు, కింద భావనపాడు అని. అమ్మ బతికుండగా చూపించినట్టు ఊహించుకున్నాను కూడా. ఇప్పుడు కంపెనీ అక్కర్లేదు, మావ అక్కర్లేదు, ఎవరి వాటా అక్కర్లేదు. దాలమ్మని నేనేం వెళ్ళగొట్టను కదా, ఉండనిస్తాను కదా, అనుకున్నాను. ఆ "ఉండనిస్తాను" అన్న మాట నా నోట్లోనే అడ్డం పడింది. నిన్న అప్పారావు బావ కూడా అదే అన్నాడు, ఉండడానికి సోటిస్తన్నాం అని.

"రాసింది రాసినట్టే ఉంచండి" అన్నాను.

దాలమ్మ వేలు నొక్కింది. గట్టిగా నొక్కింది, వేలిముద్ర అలికినట్టయింది. రిజిస్ట్రారు విసుక్కుని మళ్ళీ వేయించాడు. షావుకారు డబ్బు తీసుకుని ఇంకో వక్క నోట్లో వేసుకున్నాడు. యాకోబు బావ గుమ్మం దగ్గరే కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు, ఈసారి టీ చల్లారేంత సేపు కాదు.

బయటికొచ్చాక మావ నన్ను పక్కకి పిలిచాడు. "మరి కంపెనీ?"

"నువ్వే ఉంచుకో మావా."

నిజంగానే ఉంచుకున్నాడు. పుట్టని కంపెనీకి సైర్మను అని విజయనగరంలో విజిటింగు కార్డులు అచ్చేయించుకున్నాడట, మొన్న నాకూ ఒకటి పంపాడు.

మళ్ళీ తోటలో

ఇంకో రెండు రోజులు దాలమ్మ దగ్గర ఉన్నాను. మర్నాడు పొద్దున ఎండెక్కకముందే చెట్లెక్కే మనిషి వచ్చాడు. నాకు దాహంగా ఉంది. గుడిసె ముందు చెట్టు నిండా లేత బొండాలు. "అదెక్కు, రెండు దించు" అన్నాను అలవాటుగా, ఎస్టేటులో చెప్పినట్టే. అతను మోకు వేసి సగం చెట్టు ఎక్కాడు.

దాలమ్మ చీపురు పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"దిగు, దిగు! ఆ సెట్టు ముట్టుకోవద్దు. కాయలు ఇత్తనానికి ఉంచేను." నా వైపు తిరిగింది. "అప్పా, తోటలో కాయ కోయాలంటే నన్నడుగు. నాను సెప్తాను ఏ సెట్టో."

నాకు చురుక్కుమంది. డబ్బు నాది, ఓడ ఎక్కింది నేను, నవ్వులపాలైంది నేను. ఒక్క బొండానికి అడగాలా? ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాలమ్మ చూపు మాత్రం నా మీద లేదు, చెట్టు మీద ఉంది, మోకు ఎక్కడైనా గీరిందేమోనని. షావుకారు దగ్గర ఉన్నన్నాళ్ళూ అది ఎవరినైనా ఇలా ఆపి ఉంటుందా? ఈ తోటలో దాని నోటంట 'వద్దు' రావడం బహుశా ఇదే మొదటిసారి. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి.

"అయితే ఏ చెట్టు కోయమంటావే?" అని అడిగాను.

చీపురు భుజాన పెట్టుకుని తోటంతా కలయజూసింది. ఏమీ తొందర పడలేదు. చెట్టెక్కే మనిషి కింద నిలబడి, నేను పక్కన నిలబడి, ఇద్దరం దాని మొహం చూస్తూ ఉన్నాం. చివరికి గట్టు పక్కన వంకరగా పెరిగిన ఒక చెట్టు చూపించింది. "అల్లదిగో, దానికి కొయ్యి. ఒకటి సాలు."

బొండం చిన్నది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఇంకోటి తాగాలనిపించింది. లేచి, మళ్ళీ దాన్ని అడగడానికి వెళ్ళాను.